నౌబాద్ సంగమ్మ పింఛను విచారణ

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారడానికి ముందటి ఏడు, వానాకాలం మొదట్లో, నన్ను బీదర్ తాలూకా కచేరీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఉత్తర్వు చేతికి వచ్చాక నేను చేసిన మొదటి పని ఒక తోలు సంచి కొనడం. రెండో పని, ఆ సంచిని సైకిలు హ్యాండిలుకు అందరికీ కనబడేట్టు తగిలించుకుని, అవసరం లేకపోయినా, ధాన్యం బజారైన గంజ్‌లో మా నాయిన కొట్టు ముందు నుంచి అటూ ఇటూ వెళ్ళడం. మా నాయిన కందులు కొలిపిస్తున్నాడు. తల ఎత్తి చూడలేదు.

మాది గంజ్‌లో మూడు తరాలుగా ధాన్యం వ్యాపారం. నన్ను కూడా కొట్లో కూర్చోబెట్టి చూశారు. నేను గల్లాపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదువుతుంటే, కొనేవాళ్ళు తమకు తామే తూచుకుని, తామే మూటగట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్ళిపోయేవారు. ఇది తెలిసిన రోజున మా నాయిన నన్ను తిట్టలేదు. "వీడు సర్కారుకే పనికొస్తడు" అని మా అమ్మతో అన్నాడట. నా ఉద్యోగ జీవితానికి అంతకు మించిన ధ్రువపత్రం మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అంటే ఎవరో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. తాలూకాకు పెద్ద తహశీల్దారు. కచేరీలో కాగితాలకు పెద్ద శిరస్తేదారు. ఊళ్ళలో ఉండేవాడు విలేజి అకౌంటెంటు; మా చిన్నప్పుడు పట్వారీ చేసిన పనినే అతను జీతం మీద చేసేవాడు. ఈ పైవాళ్ళకూ ఆ కిందివాడికీ మధ్య సైకిలు మీద తిరిగేవాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. పైనుంచి వచ్చిన తిట్లను కిందికీ, కిందినుంచి వచ్చిన అబద్ధాలను పైకీ చేరవేయడం అతని పని. రెండో దానికి మా భాషలో స్థానిక విచారణ అని పేరు. ఊరికి వెళ్ళి, నలుగురు పెద్దమనుషుల ముందు చూసింది చూసినట్టు రాసి, వాళ్ళ సంతకాలో వేలిముద్రలో తీసుకోవాలి. ఆ కాగితాన్ని మహజరు అంటారు. నేను చిన్నతనంలో ఉర్దూలోనూ తర్వాత కన్నడంలోనూ చదువుకున్నాను. ఇంట్లో తెలుగు. కనుక లెక్కలు ఉర్దూలో వేసి, మహజర్లు కన్నడంలో రాసి, కోపం మాత్రం తెలుగులో తెచ్చుకునేవాణ్ణి. మా శిరస్తేదారు ధార్వాడ వైపు మనిషి. నా కన్నడాన్ని ఆయన బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ముఖంతో చదివేవాడు.

ముసలివాళ్ళకు సర్కారు నెలనెలా ఇచ్చే పింఛను అప్పటికి ఇంకా కొత్తదే. వయసు మళ్ళి, సొంత రాబడి లేక, పోషించే ఎదిగిన కొడుకు గాని మనవడు గాని లేనివాళ్ళు తహశీల్దారుకు అర్జీ పెట్టుకోవచ్చు. సర్కారీ డాక్టరు వయసు రాసి ఇస్తాడు. విలేజి అకౌంటెంటు తనకు తెలిసింది రాస్తాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు వెళ్ళి ఇల్లు చూసి, మహజరు చేసి, అర్జీదారు చేత ఒక అచ్చు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవాలి. అన్నీ కుదిరితే పై కచేరీ నుంచి మంజూరు వస్తుంది. అప్పటినుంచి పోస్టుమాను మనీఆర్డరు తెచ్చి ఇస్తాడు.

ఈ విచారణల్లో నాకు కొంత పేరు వచ్చింది. కమఠాణ అనే ఊళ్ళో ఒక పెద్దాయన, నేను వస్తున్నానని తెలిసి, తన గేదెను బావమరిది కొట్టంలో దాచి, చిరిగిన ధోవతి కట్టుకుని, మంచం మీద మూలుగుతూ పడుకున్నాడు. నేను ఇంటి వెనక్కి వెళ్ళి, తడి ఆరని కుడితి తొట్టి చూసి, గేదె ఎక్కడని అడిగాను. పెద్దాయన మూలుగు ఆపి లేచి కూర్చున్నాడు. తహశీల్దారు నలుగురిలో "ఇతనికి ముక్కు ఉంది" అన్నాడు. అది పొగడ్త అవునో కాదో నాకు ఇప్పటికీ అనుమానమే గాని, అప్పుడు మాత్రం పతకంలాగే పెట్టుకున్నాను. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యిలో బూడిద చూసేవాణ్ణి, దూలానికి ఏం వేలాడుతోందో చూసేవాణ్ణి, దండెం మీద బట్టలు చూసేవాణ్ణి. ఉన్నదాన్ని లేదని చెప్పేవాళ్ళను పట్టుకోవడమే నా విద్య. లేనిదాన్ని ఉందని చెప్పేవాళ్ళు కూడా ఎదురవుతారని నాకు ఎవరూ చెప్పలేదు.

నౌబాద్ అప్పటికి బీదర్ ఊరి బయట చిన్న పల్లె. అక్కడి సంగమ్మ అనే ముసలామె అర్జీ నా సంచిలోకి వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు, భూమి లేదు. వయసులో ఉన్నన్నాళ్ళూ గంజ్‌లో కొట్టుకొట్టుకూ తిరిగి ధాన్యం చెరిగింది. ఇప్పుడు చూపు ఆనదు, కనుక పని లేదు. పద్ధతి ప్రకారం పెద్దమనుషులు ఇంటి దగ్గర ఉండాలి కాబట్టి, ఫలానా రోజున వస్తున్నానని ముందుగా తలారి చేత కబురు పంపాను. అక్కడే చిక్కు మొదలైంది.

నేను వెళ్ళేసరికి గల్లీ అంతా ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. సంగమ్మ గుడిసె ముందు పెళ్ళివారింటి ముగ్గులాంటి ముగ్గు. లోపల మంచం మీద కొత్త దుప్పటి, గూట్లో వరసగా ఇత్తడి బిందెలు, స్టీలు గ్లాసులు. గోడకు గడియారం కూడా ఉంది. ఎవరికీ టైము చూడడం రాని ఇంట్లో అది తన ఇష్టప్రకారం నడుస్తోంది. మంచం మీద ఇలకల్ చీర కట్టుకుని, కాళ్ళకు వెండి కడియాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషే అర్జీదారు.

నేను నా పరీక్షలు మొదలుపెట్టాను. పొయ్యిలో బూడిద నిండుగా ఉంది. దూలానికి ఉల్లిగడ్డల గుత్తి వేలాడుతోంది. దండెం మీద మూడు మంచి చీరలు. పరీక్షలన్నిట్లో సంగమ్మ మొదటి తరగతిలో పాసయింది. అంటే పింఛనులో ఫెయిలయింది. ఇంత కలిగినామె అర్జీ ఎందుకు పెట్టిందా అని నా ముక్కు పనిచేయడం మొదలుపెట్టింది.

ఈలోపల పళ్ళెంలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చికారం వచ్చాయి. విచారణకు వెళ్ళిన ఇంట్లో భోజనం చేయకూడదని నియమం ఉంది. ఆ నియమాన్ని నేను వంట బాగుండదని తోచిన ప్రతి ఇంట్లోనూ ఖచ్చితంగా పాటించాను. అక్కడ పోపు వాసన బాగుంది. తింటూనే ప్రశ్నలు వేశాను. జవాబులు చెప్పినవాడు బస్వయ్య. పక్కింటివాడు, రాళ్ళు కొట్టే కూలి, ఆ గల్లీకి పెద్ద. మహజరు మీద మొదటి సంతకం అతనిదే కావాలి.

"అవ్వకు దినాం రొట్టె దొరుకుతదా?" అని అడిగాను.

బస్వయ్య మీసం సర్దుకున్నాడు. "ఎందుకు దొరకది సాబ్! మా గల్లిల ఎవ్వలు ఉపాసం పండరు" అన్నాడు.

"కట్టబట్టలు?"

"సూస్తనే ఉన్నరు గద."

చూస్తూనే ఉన్నాను, రాస్తూనే ఉన్నాను. తినడం అయింది. పాలు అమ్మే నర్సమ్మ అనే ఆమె వచ్చి పళ్ళెం తీసింది. అప్పుడు దాని అంచుకు ఉన్న సొట్ట కనబడింది. ఆ సొట్ట నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు కాకరకాయ కూర వేశారని కోపంతో నేను విసిరికొడితే గడపకు తగిలి పడిన సొట్ట అది. ఆమె చేతిలోంచి పళ్ళెం లాక్కుని తిప్పి చూస్తే, వెనక తెలుగు అక్షరాల్లో మా అమ్మ పేరు చెక్కి ఉంది.

ఇంకొకరైతే అప్పుడు ఏమనుకునేవారో తెలియదు గాని, నేను మాత్రం దొంగతనం అనుకున్నాను. ముక్కు ఉన్నవాడి సంగతి అంతే. లేచి నిలబడి, పోలీసు గొంతు పెట్టి, "ఈ పళ్ళెం ఎక్కడిది?" అన్నాను. మహజరు కాగితం పక్కన పెట్టి, దొంగసొత్తు పంచనామాకు తెల్లకాగితం కూడా తీశాను.

నర్సమ్మ ఏమాత్రం బెదరలేదు. "గంజ్ కాడ సావుకారింట్ల అడిగి తెచ్చిన సాబ్" అంది. "నేను పొద్దుగాల పాలు పోసే ఇల్లు. అఫ్సర్ వస్తుండు, గల్లిల మంచి పళ్ళెం లేదు అంటే, పాపం ఆ అమ్మ ఇచ్చింది. మంచి మనిషి. కొడుకే, ఏందో సర్కారు నౌకరట, పొద్దెక్కినదాంక లేవడట."

తలారికి నేనెవరి కొడుకునో తెలుసు. అతను గోడ వైపు తిరిగి దగ్గాడు. నేను తెల్లకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. నర్సమ్మ మా ఇంటికి రోజూ పాలు పోస్తున్నా, ఆమె ముఖం నాకు తెలియకపోవడానికి కారణం ఆమె చెప్పినదే.

ఇక దాచడానికి ఏమీ లేదు. దాస్తున్నామని వాళ్ళు అనుకోనూ లేదు. గడియారం బస్వయ్య వాళ్ళ అన్నగారిది. ఇలకల్ చీర బస్వయ్య కోడలి పెళ్ళినాటిది. కడియాలు చివరి ఇంటివాళ్ళవి. ఎక్కడ జారిపోతాయోనని వాళ్ళ మనిషి ఒకామె గుమ్మంలోనే కాపలా నిలబడి ఉంది. ఉల్లిగడ్డలు, బిందెలు, దుప్పటి, అన్నీ తలా ఒకటి. ఇంటికి పెద్ద అఫ్సరు వస్తే ఇల్లు బోసిగా పెట్టి కూర్చోబెట్టడం మర్యాద కాదు గనక తెచ్చి పెట్టారు. వచ్చే అఫ్సరు బోసి ఇంటి కోసమే వస్తున్నాడని వాళ్ళకు తట్టలేదు. సంగమ్మ సొంతం ఆ ఇంట్లో ఒక చాప, ఒక మట్టి కుండ, ఒక చేట.

నాకు ప్రాణం లేచివచ్చింది. కేసు తేలిపోయింది. అచ్చు కాగితం తీసి, కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చదివాను: నాకు దిక్కు ఎవరూ లేరు, నేను నిరాధారిని, అని ఒప్పుకుంటున్నాను. సిరా దిండు తెరిచి, "వేలు పెట్టు అవ్వా" అన్నాను.

సంగమ్మ చేయి చీర కొంగులో దాచుకుంది.

"అట్ల ఎట్లంట సాబ్?" అంది. "పొద్దుగాల నర్సమ్మ చాయ్ ఇస్తది. పగటిపూట బస్వయ్య కోడలు రొట్టె పంపుతది. గీళ్ళు ఇక్కడ నిలబడి ఇంటాంటే నాకెవ్వలు లేరని ఏలు పెట్టాలెనా? రేపు ఏ మొకం పెట్టుకొని గీళ్ళ రొట్టె తినాలె?"

నేను బస్వయ్య వైపు తిరిగాను. అతను ఇంకా గట్టిగా ఉన్నాడు. "మీరే జర సోంచాయించుండ్రి సాబ్. మా గల్లిల ముసల్ది దిక్కు లేకుంట పడి ఉన్నదని కాయితం మీద సంతకం పెడితే మా ఇజ్జత్ ఏం గావాలె? రేపు మా పోరగాండ్లకు పిల్లనిస్తరా ఎవలన్న?"

అప్పుడు నేనొక ఉపన్యాసం ఇచ్చాను. ప్రజాసంక్షేమం, రాజ్యాంగం, శాఖాపరమైన విధివిధానం వంటి మాటలు అందులో ఉన్నాయి. నా జీవితంలో అబద్ధం చెప్పవద్దని వందమందికి చెప్పాను గాని, బీదవాళ్ళమని ఒప్పుకోండి నాయనా అని బతిమాలడం అదే మొదటిసారి. అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. కడియాల మనిషి కడియాలు విప్పుకుని వెళ్ళిపోయింది.

చివరికి విసుగెత్తి, "మరి అర్జీ ఎందుకు పెట్టినవ్ అవ్వా? అందరు అన్నం పెడుతుండ్రు గద!" అన్నాను.

సంగమ్మ గొంతు తగ్గించింది. బస్వయ్య వినకూడదని కాబోలు. "పెడుతుండ్రు సాబ్. గని గీళ్ళకున్నదెంత? మొన్న బస్వయ్యకు పని దొరకలే. ఆ దినం ఆళ్ళింట్ల రెండే రొట్టెలు కాలినయ్, అండ్ల ఒకటి నాకు పంపిండ్రు. అది నా గొంతుల దిగలే. సర్కారుదయితే ఎవల నోటికాడిది కాదు గద, అని అర్జీ పెట్టిన."

ఈ మాట రాసుకోవడానికి మహజరులో గడి లేదు. సిరా దిండు మూసి, సైకిలెక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా అమ్మ మీద ఎగిరిపడ్డాను. నీ పళ్ళెం వల్ల సర్కారు విచారణ పాడైంది అన్నాను. ఆమె మొదట అడిగింది, "అండ్ల ఏం పెట్టిండ్రు బిడ్డా?" అని. పుంటికూర పప్పు అని చెప్పాను. బాగుండెనా అంది. బాగుండెనని ఒప్పుకోక తప్పలేదు. అంతటితో నా కోపంలో సగం పోయింది.

సంగమ్మ పేరు వినగానే మా నాయిన లెక్క రాస్తున్నవాడు ఆగాడు. "ఏ సంగమ్మ? మన కొట్ల కందులు చెరిగిన సంగమ్మనా?" అన్నాడు. నేను గల్లాపెట్టె మీద పుస్తకం చదువుకుంటున్న రోజుల్లో, నాకు పది అడుగుల దూరంలో కూర్చుని చెరిగింది ఆమేనట. నేను ఆమె ముఖం ఎప్పుడూ చూడలేదు. ముక్కు ఒక్కటే ఉండి కళ్ళు లేకపోతే ఇలాగే అవుతుంది.

ఈ ముసలామె కాగితం మీద వేలు పెట్టదు, నేనేం చేయాలి అని నేను గొణుగుతుంటే మా అమ్మ అడిగింది: "నీ నౌకరి అయిపోయినంక పించిని వస్తదంటివి గద. అప్పుడు ఎవలన్న వచ్చి మనింట్ల పొయ్యి సూస్తరా?"

"అది నేను పనిచేసినందుకు ఇస్తరమ్మా" అన్నాను.

"మరి సంగమ్మ ఇన్నొద్దులు ఏం చేసింది, ఆడుకున్నదా?" అంది మా అమ్మ. నాయిన లెక్క పుస్తకం మూసేశాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ముఖం మీద కొట్టినట్టయింది. కోపంగా ఉందో సిగ్గుగా ఉందో తెలియక ఇంకో రొట్టె వేయమన్నాను.

మర్నాడు కచేరీకి వెళ్ళి, పింఛను నియమాలు ఉన్న సర్క్యులరు తీసి చదివాను. నేను ఎన్నో అర్జీలు తేల్చాక ఆ పని చేశానని పాఠకులు గమనించాలి. అంతకుముందు నాకు తెలిసిందంతా నాకన్న ముందున్న ఇన్‌స్పెక్టరు నోటి మాట. అతనికి తెలిసింది అతనికన్న ముందువాడి నోటి మాట. మా కచేరీలో నియమాలు చదివేవాళ్ళకన్న చెప్పేవాళ్ళు ఎక్కువ. సర్క్యులరులో వయసు గురించి ఉంది, రాబడి గురించి ఉంది, కొడుకులూ మనవల గురించి ఉంది. పక్కింటివాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. పొయ్యి గురించీ దండెం గురించీ అసలే లేదు. దిక్కులేదని ఒప్పుకోవాలన్న ఆ వాక్యాన్ని ఎవరో ఎప్పుడో అచ్చువేయించిన కాగితంలో చేర్చారు గాని, నియమం దాన్ని అడగలేదు.

నేను రూళ్ళకర్ర పెట్టి ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను. దాని కింద చేత్తో రాశాను: నాకు భూమి లేదు, రాబడి లేదు, కొడుకులు లేరు, చూపు లేనందువల్ల పని చేయలేను, గల్లీవాళ్ళు తమ ఇష్టంతో నాకు అన్నం పెడుతున్నారు. నా సాహసాల జాబితా మొత్తం ఈ ఒక్క గీత. అది గీశాక నా చొక్కా తడిసిపోయింది.

ఈసారి కబురు పంపకుండా నౌబాద్ వెళ్ళాను. గుడిసెలో చాప, కుండ, చేట మాత్రమే ఉన్నాయి. నా గొంతు గుర్తుపట్టి సంగమ్మ గాభరాగా లేచింది. ఉన్న ఒక్క చిరుగు చీరను ఎటు తిప్పి కప్పుకోవాలో తెలియక, "చెప్పి రావద్దా సాబ్! ఇల్లు ఇట్లున్నప్పుడు వస్తరా?" అని నా మీద కేకలేసింది. చూడవలసింది అదే గనక నేను చూడాలి. కాని ఆ రోజు నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

కాగితం చదివి వినిపించాను. బస్వయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. "మేం పెడుతలేమని ఎక్కడన్న ఉన్నదా సాబ్?" అని అడిగాడు. పెడుతున్నరనే ఉన్నది అన్నాను. "అయితే పెట్టవ్వా ఏలు" అన్నాడు సంగమ్మతో. ఆమె పెట్టింది. తర్వాత అతనూ సంతకం చేశాడు, పేరు మొత్తం, ఒక్కో అక్షరం చెక్కినట్టు.

కచేరీలో శిరస్తేదారు ఆ ఎర్రగీత చూసి కళ్ళద్దాలు తీసేశాడు. అచ్చైన అక్షరాన్ని కొట్టేసే అధికారం నీకు ఎవరిచ్చారని కన్నడంలో, చాలా మెల్లగా అడిగాడు. ఎవరూ ఇవ్వలేదన్నాను. ఆయన నన్ను కాగితంతో సహా తహశీల్దారు ముందు నిలబెట్టాడు. తహశీల్దారు సర్క్యులరు తెప్పించి చదివి, గీత పక్కన తన పొడి సంతకం పెట్టి, మళ్ళీ ఇలాంటి పని చేసేముందు అడగమని చెప్పి, పైకి పంపించాడు.

పైనుంచి అది ప్రశ్నతో తిరిగి వచ్చింది. మేము దాన్ని క్వెరీ అనేవాళ్ళం. అర్జీదారుకు ఇరుగుపొరుగు అన్నం పెడుతున్నట్టు మహజరులోనే ఉండగా, ఆమెకు ఆధారం లేదని ఎలా చెప్పగలరు? నేను భయపడింది ఈ ప్రశ్నకే. గల్లీవాళ్ళు అన్నం పెట్టడం ఆపేస్తే పింఛను వస్తుంది. పెడుతూ ఉంటే రాదు. ఆ మాట బస్వయ్యతో చెప్పడానికి నేను మళ్ళీ నౌబాద్ వెళ్ళలేను.

జవాబు రాయడానికి నాకు ఒక రోజంతా పట్టింది. అందులో ఉన్నది ఇదీ: అన్నం పెడుతున్నవాళ్ళు ఆమెకు బంధువులు కారు, పెట్టాలని వాళ్ళను ఏ చట్టమూ నిర్బంధించలేదు, వాళ్ళు కూలి మనుషులు, పని దొరకని రోజున వాళ్ళ ఇంట్లోనే రొట్టెలు చాలవు, వాళ్ళ మంచితనాన్ని కారణంగా చూపి అర్జీ తోసేస్తే, సర్కారు మోయవలసిన బరువును రాళ్ళు కొట్టే కూలి నెత్తిన పెట్టినట్టవుతుంది. శిరస్తేదారు నా కన్నడం అంతా దిద్ది, చివరి వాక్యాన్ని అధికప్రసంగమని కొట్టేశాడు. అది అచ్చైన అక్షరం కాదు గనక ఆయనకు ఆ అధికారం ఉంది. తహశీల్దారు దాన్ని తిరిగి రాయించాడు. నా ఉద్యోగంలో నేను రాసినవాటిలో చదవదగ్గ వాక్యం అదొక్కటే. అందులో విషయం సంగమ్మది, వ్యాకరణం శిరస్తేదారుది.

చలికాలం వెళ్ళేముందు మంజూరు వచ్చింది. ఆ సంగతి నాకు కచేరీలో కాదు, మా ఇంటి గుమ్మంలో తెలిసింది. సంగమ్మకు మనీఆర్డరు అందిందని పాలు పోయడానికి వచ్చిన నర్సమ్మ చెబితే, మా అమ్మ నన్ను నిద్రలేపి గుమ్మంలోకి తీసుకొచ్చింది. నర్సమ్మ ముఖాన్ని నేను మా గుమ్మంలో చూడడం అదే మొదటిసారి. ఆమె నన్ను చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "లేసిండా సాబ్?" అని మా అమ్మను అడిగింది.

సంగమ్మ వేరుగా వండుకోవడం మొదలుపెట్టిందేమో అనుకున్నాను. లేదట. రొట్టె ఇప్పటికీ బస్వయ్య ఇంట్లోనే కాలుతుంది, కాని నెల మొదట్లో జొన్నలు ఆమె తెప్పిస్తుంది. పని దొరకని రోజుల్లో బస్వయ్య పిల్లలు ఆ జొన్నల రొట్టెలే తింటారు.

తర్వాత నన్ను హుల్సూర్ వైపు బదిలీ చేశారు. ఏడాదో ఏమో గడిచాక, నా స్థానంలో వచ్చిన ఇన్‌స్పెక్టరు జిల్లా సమావేశంలో కలిశాడు. నౌబాద్‌లో ఇంకో ముసలాయన పింఛను విచారణకు వెళ్ళాడట. ఆ గల్లీవాళ్ళు బాగా కలిగినవాళ్ళని, పేరు చెక్కించిన కొత్త స్టీలు పళ్ళెంలో భోజనం పెట్టారని చెప్పాడు. ఏం పేరని అడిగాను. కన్నడంలో సంగమ్మ అని ఉంది, ఆ ముసలాయన భార్య అయి ఉంటుంది అన్నాడు. అతని ముక్కు కూడా నా ముక్కులాంటిదే. భోజనం చేసి వచ్చానని అతనే ఒప్పుకున్నాడు గనక, నేను అతన్ని పక్కకు తీసుకెళ్ళి సర్క్యులరు చదివించాను. ముసలాయనకు పింఛను వచ్చిందని తర్వాత విన్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. మనిషి ముసలితనానికి సర్కారు ఇవ్వవలసింది ఉంటే, వయసూ రాబడీ చూసి ఇవ్వాలి. నలుగురి ముందు తన గతి లేనితనాన్ని తన నోటితో చెప్పించి ఇవ్వకూడదు. పక్కింటివాడి మంచితనాన్ని ఆ మనిషి ఆస్తి కింద లెక్కగట్టకూడదు. సర్క్యులరులో ఇంతే ఉంది. మేము దానికి పొయ్యిలూ దండేలూ కలిపాం.

నేను తహశీల్దారుగా రిటైరయి చాలా ఏళ్ళయింది. ఏడాదికోసారి బతికే ఉన్నానని చెప్పడానికి ట్రెజరీకి వెళ్తాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతి గడియారం పెట్టుకుని, పెద్దకొడుకు స్కూటరు మీద వెళ్తాను. అక్కడి గుమాస్తా కుర్చీ చూపించి, సంతకం పెట్టించుకుని, నమస్కారం పెట్టి పంపుతాడు. ఆ చొక్కా ఎవరిదని, నీకు అన్నం ఎవరు పెడుతున్నారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. నాకు ఇద్దరు ఎదిగిన కొడుకులు, ఇద్దరూ పెడతారు. సంగమ్మను అడిగినట్టు నన్నూ అడిగితే, మొదటి ప్రశ్నకే నా పింఛను ఆగిపోయేది.